శకులు ఎవరి పూర్వులు?

గుఱ్ఱముల మీద బ్రదికి, బండ్లలో కాపురముండి, తమ చరిత్రను తాము వ్రాసి యుంచక గతించిన ఒక జనసమూహమును గూర్చి నేడు ఇందఱు ఇంత పట్టుదలతో వాదులాడుకొనుట వింతగా కనబడును. నిజమునకు వింత యేమియు లేదు. నోరులేనివారి తరపున మాటాడుట అందఱికిని సులభమే. నల్లసముద్రపు ఉత్తరతీరము మొదలుకొని ఆల్తాయి పర్వతముల వఱకు వ్యాపించిన గడ్డిమైదానములలో, క్రీస్తుపూర్వము 8వ శతాబ్ది నుండి కొన్ని వందల సంవత్సరములు సంచరించిన రౌతులను గ్రీకులు స్కుథులనిరి; పారసీకులు సకలనిరి; మన పూర్వులు శకులనిరి. వీరు తురుష్కభాషల వారి తాతలని కొందఱు, కల్తీలేని ఇరానీయులని కొందఱు, స్లావుల మూలపురుషులని మఱికొందఱు నేటికిని వాదించుచున్నారు. మన దేశమున ఇంకను రెండు పక్షములు గలవు. తమ కులము శకుల నుండి దిగివచ్చినదని గర్వించువారు ఒకరు; శకులు అసలు ఇచ్చటి నుండియే వెడలిపోయిన క్షత్రియులని చెప్పువారు ఇంకొకరు.

ఈ పక్షములన్నియు ఒకదానితో నొకటి పోరాడుచున్నవి గాని, అన్నిటికిని పునాది ఒక్కటే. ఒక పేరున్నచో ఒక జాతి యుండవలెను. ఒక జాతి యున్నచో ఒక రక్తముండవలెను. ఒక రక్తమున్నచో ఒక భాష యుండవలెను. ఆ మూటికిని నేడొక వారసుడుండవలెను. ఈ గొలుసులో ప్రతి లంకెయు బలహీనమైనదే యని చూపుట ఈ వ్యాసము ఉద్దేశము. శకుల భాషను గూర్చి మనకు కొంత తెలియును. వారి పుట్టుకను గూర్చియు ఈ కొద్ది సంవత్సరములలో కొంత తెలియవచ్చినది. తెలిసిన ఆ రెండును ఏ వారసుని దావాకును సాక్ష్యమీయవు.

మొదట పేరు సంగతి చూతము. జాతుల పేర్లు తఱచుగా ఇరుగుపొరుగువారు పెట్టినవి. స్కుథులు తమ్ము తాము స్కొలోతులని చెప్పుకొందురని క్రీస్తుపూర్వము 5వ శతాబ్దిలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు వ్రాసెను. పారసీకులు స్కుథులనెల్ల సకలనియే పిలుతురనియు అతడే చెప్పెను. డరయస్ చక్రవర్తి నక్ష్-ఇ-రుస్తం శాసనము మూడు విధములైన సకలను పేర్కొనుచున్నది: హోమముతో ముడిపడిన పేరుగలవారు, కొనదేరిన టోపీలవారు, సముద్రమున కావలివారు. ఆ చక్రవర్తియే బెహిస్తూను కొండమీద మూడు భాషలలో చెక్కించిన శాసనములో, పారసీక పాఠము ‘సక’ యన్నచోట బాబిలోను పాఠము ‘గిమిర్రి’ యనుచున్నది. గిమిర్రి యనగా గ్రీకులు స్కుథుల నుండి వేఱుచేసి కిమ్మేరియనులని చెప్పిన జనము. ఒకే కొండ, ఒకే రాజు, ఒకే సంగతి. అచ్చటనే పేర్లు రెండు. ఇట్టి పేరును పట్టుకొని రక్తసంబంధమును నిర్ణయించుట ఎట్లు?

హెరొడోటసు చెప్పినవానిలో కట్టుకథలు లేకపోలేదు. అయినను ఒక విషయమున అతడు నేటి వాదులకంటె జాగరూకుడు. వేషమును భాషతో కలిపివేయలేదు. స్కుథుల దుస్తులు ధరించియు తమ భాష తాము మాటాడుకొను తెగలను అతడు ప్రత్యేకించి చెప్పెను. గెలోనులు కొంత గ్రీకును కొంత స్కుథభాషను మాటాడుదురనెను. సౌరోమతులది స్కుథభాషయే గాని వారు దానిని తప్పులతో మాటాడుదురనెను. తూర్పున దూరదేశములకు బోవు స్కుథులు ఏడుగురు దుబాసీల సాయమున ఏడు భాషలలో వ్యవహారము నడుపుకొందురని వ్రాసెను. గడ్డిమైదానమంతయు ఒక్క జాతి, ఒక్క భాష యని చెప్పువారు ఆ ఏడుగురు దుబాసీలను ఎక్కడ దాచెదరు?

అట్లయిన శకుల భాషను గూర్చి ఏమియు తెలియదా యనిన, తెలియును. ఈ విషయమున పండితుల కృషిని తక్కువచేయుట న్యాయము కాదు. 1837లో కాస్పర్ జాయిస్, 1866లో కార్ల్ ముల్లెన్‌హోఫ్, 1949లో ఓస్సెతీయ పండితుడు అబాయెవ్ మొదలగువారు గ్రీకు గ్రంథములలోను, నల్లసముద్రతీరపు గ్రీకు నగరముల శాసనములలోను మిగిలియున్న పేర్లను పరిశీలించి, అవి ఇరానీయశాఖకు చెందినవని చూపిరి. సంస్కృత పరిచయము గల పాఠకునకు ఈ పేర్లు దూరపువి కావు. స్కుథుల అగ్నిదేవత పేరు తబితి. మన ‘తపతి’ చెవికి తోచును. గుఱ్ఱమునకు వారి పేర్లలో కనబడు మాట ‘అస్ప’, మన ‘అశ్వ’ము. రష్యాలోని డాన్, ఉక్రెయిన్ మీదుగా ప్రవహించు నీపర్, నీస్టర్ నదుల పేర్లలో దాగియున్న ‘దాను’ శబ్దమునకు అవెస్తాలో నది యని అర్థము. వేదములో ఆ శబ్దము తడికి, నీటిచుక్కకు చెల్లును. కాకసస్ పర్వతములలోని ఓస్సెతీయ భాషలో నేటికిని ‘దోన్’ అనగా నీరు. ఇవి ఒంటరి పోలికలు కావు. నియమబద్ధమైన ధ్వనిపరిణామములతో గూడినవి. కావున మనకు అందిన శకుల పేర్లలో అధికభాగము ఇరానీయమనుట సాహసము కాదు.

కాని ఇరానీయమన్న మాట విని పండుగ చేసికొనువారు ఇంకొక అడుగు ముందునకు రావలెను. ఇరానీయమనునది ఒక భాష గాదు, ఒక శాఖ. తూర్పు తుర్కిస్తానములోని ఖోతానులో ఇసుకక్రింద దొరకిన బౌద్ధగ్రంథములును, లేఖలును బ్రాహ్మీలిపిలో నున్నవి. ఆ భాషకు పండితులు ఖోతాన-శకమని పేరు పెట్టిరి. దానిని మాటాడినవారు మాత్రము తమ ఊరి పేరుననే దానిని పిలుచుకొనిరి. ఆ భాషలో గుఱ్ఱము ‘అశ్శ’, నల్లసముద్రతీరమున ‘అస్ప’. ఈ ఒక్క భేదము చిన్నది కాదు. ఇరానీయ భాషలు తమలో తాము చీలిపోయిన పాతకాలపు గీటు అది. అనగా పడమటి స్కుథుడును తూర్పు శకుడును ఒకే భాష మాటాడిరనుటకు ఆధారము లేకపోగా, అట్లు కాదనుటకే ఆధారము కనబడుచున్నది.

తురుష్కపక్షపు వాదమును గూర్చియు న్యాయముగా చెప్పవలెను. 1969లో కజకిస్తానులోని అల్మాటీ నగరము చెంత ఇస్సిక్ వద్ద ఒక సమాధి దిబ్బను త్రవ్వగా, వేలకొలది బంగారు తునకలు కుట్టిన దుస్తులలో ఒక యువకుని అవశేషములు బయటపడినవి. అతడే నేడు ఆ దేశమునకు జాతీయచిహ్నమైన బంగారు మనిషి. అతని ప్రక్కనున్న వెండిగిన్నె మీద రెండు వరుసలలో పాతికకు మించిన గుర్తులు గలవు. వానిని తురుష్కభాషగా చదివినవారు కలరు. ఇరానీయముగా చదివినవారును కలరు. చదువుట కంటె ముందే ఫలితము నిర్ణయించుకొన్నవారికి ఆ పాతిక గుర్తులు చాలును. 2023లో కొందఱు పండితులు తజికిస్తానులో దొరకిన కొత్త శాసనము సాయమున ‘అజ్ఞాత కుషాణలిపి’లోని గుర్తులలో కొన్నిటి విలువలను తేల్చి, ఆ లిపిలోని భాష ఇరానీయ శాఖలోనిదని చూపిరి. ఇస్సిక్ గిన్నె మీదిదియు ఆ లిపియే యని తలచువారున్నారు. కాని గిన్నె మీది మాట ఇంతవఱకు నిశ్చయముగా పలుకలేదు. తురుష్కభాషలో మనకు దొరకిన తొలి పెద్ద శాసనములు మంగోలియాలోని ఓర్ఖోన్ లోయలో 8వ శతాబ్దివి. బంగారు మనిషికి వెయ్యేండ్ల తరువాతివి. అంతకుముందు 6వ శతాబ్దిలో తురుష్కులు సామ్రాజ్యము స్థాపించినపుడు సైతము బుగుత్ శాసనమున సోగ్దియను అను ఇరానీయ భాషను వాడిరి. రాజుది ఒక భాష, రాతిమీది భాష ఒకటి! శాసనము దొరకినచోట సైతము ఇంత జాగ్రత్త కావలసియుండగా, శాసనమే లేనిచోట ఇంత ధైర్యమేల?

ఇప్పుడు పుట్టుక సంగతి. వెనుకటి తరము పండితులు పుఱ్ఱెల కొలతలు తీసిరి; నేటివారు ఎముకల నుండి జీనోములు చదువుచున్నారు. సాధనము మాఱినది, అది మంచి మార్పు. 2017లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’ పత్రికలోను, 2018లో 137 ప్రాచీన జీనోములతో ‘నేచర్’ పత్రికలోను వెలువడిన పరిశోధనలు ఒక విషయము స్పష్టము చేసినవి. కంచుయుగపు గడ్డిమైదానముల పశుపాలకుల వారసత్వము శకసమూహములన్నిటను కొంత కలదు. కాని తూర్పున ఆల్తాయి ప్రాంతమువారిలో తూర్పు ఆసియా జనుల వారసత్వము గణనీయముగా కలిసియున్నది. పడమట నల్లసముద్రతీరమువారిలో అది స్వల్పము, స్థానిక ఐరోపా వ్యవసాయజనుల పాలు కలదు. వంకర విల్లు, గుఱ్ఱపు సాజు, జంతురూపముల బంగారుపని — ఈ మూడును ఒకచోట నుండి వేఱొకచోటికి ప్రయాణము చేసినంత సులువుగా మనుష్యులందఱు ఒక్క గర్భము నుండి పుట్టలేదు. శకత్వము ఒక జీవనవిధానము. పలు ఊళ్లవారు, పలు తల్లుల బిడ్డలు పంచుకొన్న విధానము.

జీనోము చదివినచో భాష తెలిసిపోవునని ఎంచువారికి ఓస్సెతీయులను చూపవలెను. స్కుథులకును, వారి తరువాతి సర్మతులకును, ఆలనులకును చెందిన భాషాసంతతి నేటికిని సజీవముగా నున్నది ఓస్సెతీయుల నోటనే. ఈ విషయమున భాషావేత్తలలో భేదాభిప్రాయము లేదు. కాని వారి రక్తము పరీక్షింపగా, వారు ప్రధానముగా తమ చుట్టునున్న కాకసస్ కొండజాతులకే సన్నిహితులని తేలినది. ఆ జాతులలో పలువుర భాషలకు ఇరానీయముతో చుట్టరికమే లేదు. మఱియొకవంక, శకులు పశువులు మేపిన మైదానములలో నేడు నివసించు కజకులలో ఆ పాతజనుల వారసత్వము కొంత నిలిచియుండియు, వారి భాష తురుష్కశాఖలోనిది. భాష నిలిచినచోట రక్తము పలుచబడినది. రక్తము నిలిచినచోట భాష మాఱినది. ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము కోరుట అత్యాశ. ఎముక తన తల్లిదండ్రుల నెఱిగించును గాని తాను మాటాడిన మాట నెఱిగింపదు.

ఈ పొరపాటు ఇతరదేశములదే యని మనము తప్పించుకొనరాదు. మన మీదను ఈ ప్రయోగము జరిగినది. 1856లో కాల్డ్వెల్ ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణము వెలువరించినపుడు, తమిళ తెలుగు కన్నడాదులు ‘స్కుథీయ’ కుటుంబమునకు సన్నిహితములని ప్రతిపాదించెను. ఫిన్నిషు, తురుష్కము, మంగోలు మొదలగు భాషలన్నిటికిని ఆ కాలమున ఆ పేరొక గోనెసంచివలె ఉపయోగపడెడిది. ద్రావిడభాషలు సంస్కృతము నుండి పుట్టినవి కావని స్థాపించుటలో ఆ పండితుని సేవ చిరస్మరణీయము. కాని ఈ స్కుథీయబంధుత్వము నిలువలేదు. బెహిస్తూను శాసనపు రెండవ భాషను ఆనాడు స్కుథీయమని ప్రకటించిరి. నేడది ఎలాము దేశపు భాష యని అందఱు ఎఱుగుదురు. నిజమైన స్కుథుల పేర్లా, ఇరానీయములు. కావున కొంతకాలము తెలుగువారు తాము ఎన్నడును చూడని, తమ భాషతో ఏ సంబంధమును లేని రౌతులకు జ్ఞాతులుగా పుస్తకములలో బ్రదికిరి!

అంతటితో ఆగలేదు. 1901 జనాభా లెక్కలకు అధిపతియైన రిస్లీ ముక్కులను, తలలను కొలిపించి, మహారాష్ట్ర బ్రాహ్మణులను, కుణబీలను, కొడగువారిని ‘స్కుథ-ద్రావిడ’ జాతి యన్నాడు. తల వెడల్పుగా నున్నది, కావున శకరక్తము! అంతకు పూర్వము 1829లో టాడ్ రాజస్థాన చరిత్రమున పేర్ల పోలికను, అశ్వపూజను, సూర్యపూజను ఆధారము చేసికొని రాజపుత్రులకు శకబంధుత్వము కల్పించెను. దొరలు వెడలిపోయిరి, వారి కొలబద్దలు మన కులసంఘముల పుస్తకములలో మిగిలిపోయినవి. భాషాకుటుంబమునకు పెట్టిన పేరును రక్తమునకు అంటగట్టరాదని మాక్స్‌ముల్లరు 1888లోనే హెచ్చరించెను. ఆ హెచ్చరిక కంటె ఆయన పూర్వము చేసిన పొరపాటునకే మన దేశమున ఎక్కువ వ్యాప్తి కలిగినది.

ఇక శకులు ఇచ్చటి నుండి వెడలిన క్షత్రియులే యనువారు మనుస్మృతి 10వ అధ్యాయమును చూపుదురు. క్రియాలోపము వలన పతితులైన క్షత్రియుల పట్టికలో శకులు గలరు, నిజమే. కాని ఆ పట్టికలో యవనులు, పహ్లవులు, చీనులు, ద్రావిడులు కూడ గలరు. శకులు ఇచ్చటి నుండి పోయినారనుటకు ఈ శ్లోకములు ప్రమాణమైనచో, గ్రీకులును చీనావారును ఇచ్చటి నుండి పోయినవారే కావలెను. ఆ శ్లోకములు వలసచరిత్ర చెప్పుటలేదు. కొత్తగా ఎదురైన బలవంతులను, దూరపు జనులను వర్ణవ్యవస్థలో ఎక్కడ కూర్చుండబెట్టవలెనను చిక్కునకు ధర్మశాస్త్రకారుడు చూపిన ఉపాయము చెప్పుచున్నవి.

శకులు ఈ దేశమునకు వచ్చి ఏమైరో తెలిసికొనుటకు శ్లోకములకంటె గిర్నారు కొండ క్రిందనున్న జునాగఢ్ శిల మేలైన సాక్షి. రుద్రదామ మహాక్షత్రపుడు క్రీస్తుశకము 150 ప్రాంతమున చెక్కించిన శాసనమది. సంస్కృత గద్యములో నున్న తొలి దీర్ఘశాసనమని దానికి ప్రసిద్ధి. సుదర్శనమను చెఱువు కట్ట తెగిపోగా బాగుచేయించిన వృత్తాంతము అందున్నది. ఆ చెఱువును చంద్రగుప్త మౌర్యుని కాలమున పుష్యగుప్తుడు త్రవ్వించెను. అశోకుని కాలమున కాలువలు తీయించినవాడు ‘యవనరాజు’ తుషాస్పుడు. యవనుడనగా గ్రీకువాడు; కాని ఆ పేరు చివరనున్నది ఇరానీయుల గుఱ్ఱము, ‘అస్ప’! రుద్రదామ కాలమున కట్టను మరల కట్టించిన అమాత్యుడు పహ్లవుడు; అతని పేరు సువిశాఖుడు, శుద్ధ సంస్కృతము. ఇక రాజు శకవంశీయుడు. ఇతని ముత్తాత పేరును నాణెములమీద బ్రాహ్మీలిపిలో ‘య్సామోతిక’ యని వ్రాసిరి. అది మన లిపిలో లేని పారసీకపు ‘జడ్’ ధ్వనిని వ్రాయుటకు కల్పించుకొన్న జంటాక్షరము. ఖోతాను గ్రంథములలోను అదే జంటాక్షరము కనబడునని లూడర్స్ పండితుడు చూపెను. ఆ ముత్తాత కొడుకు చష్టనుడు, మనుమడు జయదామ, మునిమనుమడు రుద్రదామ. నాలుగవ తరమునకు శకుని శాసనము వ్యాకరణశుద్ధమైన సంస్కృతము పలికినది. రక్తము మాఱుటకు నాలుగు తరములు చాలవు, భాషకు చాలినవి.

ఆంధ్రదేశపు చరిత్రలోను ఈ పాఠమే యున్నది. గౌతమీబలశ్రీ నాసిక శాసనము ఆమె కుమారుడైన గౌతమీపుత్ర శాతకర్ణిని శక యవన పహ్లవులను నాశనము చేసినవాడని, చాతుర్వర్ణ్యసంకరము నాపినవాడని కీర్తించుచున్నది. కాని కొంతకాలమునకే వాసిష్ఠీపుత్ర శాతకర్ణి రాణి కార్దమక రాజవంశపు ఆడపడుచు, ఒక మహాక్షత్రపుని కూతురు అని కాన్హేరి శాసనము చెప్పుచున్నది. దక్షిణాపథపతియైన శాతకర్ణిని రెండుమాఱులు జయించియు, దగ్గఱి బంధుత్వము వలన నాశనము చేయలేదని రుద్రదామ తన శాసనమున చెప్పుకొనెను. తరువాత కృష్ణాతీరమున విజయపురి నేలిన ఇక్ష్వాకుల అంతఃపురమునకు ఉజ్జయిని మహారాజు కుమార్తె రుద్రధరభట్టారిక వచ్చినది. నాగార్జునకొండ శిల్పములలో పొడుగు అంగీయు, టోపీయు ధరించిన శకవేషపు భటుని మూర్తి మనము చూడవచ్చును. సంకరము నాపితిమని శిలపై వ్రాయించినవారి ఇంటనే వియ్యము జరిగినది. ఇందు సిగ్గుపడవలసినది లేదు. శిల అబద్ధమాడినదని కోపపడవలసినదియు లేదు. వంశములు చెప్పుకొను మాట వేఱు, వంశములు నడచు త్రోవ వేఱు.

అట్లయిన ప్రాచీనజాతుల పుట్టుకను పరిశోధించుట వ్యర్థమా యని అడుగవచ్చును. కాదు. ఎముకలు చెప్పునది ఎముకలనుండి వినవలెను. పేర్లు చెప్పునది పేర్లనుండి వినవలెను. కుండలు, బాణపుమొనలు చెప్పునది వానినుండి వినవలెను. మూడు సాక్ష్యములును ఏకీభవించినచోట సంతోషింపవలెను. ఏకీభవింపనిచోట ఒకదాని నోరు మూసి ఇంకొకదానిచే పలికింపరాదు. నేను ఆక్షేపించునది పరిశోధనను గాదు, పరిశోధన ముగియకముందే దాని ఫలితమును పంచుకొనుటకు గుమ్మమున నిలిచియున్న వారసులను. ఇప్పుడు ఉమ్మిని చిన్న సీసాలో నింపి పంపినవారికి వారి పూర్వులెవరో శాతములలో చెప్పు వ్యాపారము సాగుచున్నది. అందు దొరకు శాతము ఏ కాలపు ఏ జనులతో పోల్చి లెక్కించినదో అడుగువారు తక్కువ. ఆ శాతమును చేతబట్టుకొని నీవు బయటివాడవు, నేను ఇంటివాడను అనువారు ఎక్కువ. నిన్న పుఱ్ఱెలు కొలిచి మనుష్యులను మెట్లపై నిలిపిరి. నేడు జీనోములు చదివి అదే మెట్లను కడిగి మరల వాడబోవుచున్నారు. ప్రమాదము ఇచ్చటనున్నది. దేశమునకు ఎవరు చెందినవారను ప్రశ్నకు సమాధానము ముప్పది శతాబ్దుల నాటి ఎముకలలో వెదకువారు రేపు పొరుగువాని ఇంటి తలుపు తట్టి అతని పూర్వుల చిరునామా అడుగుదురు.

ఆ ప్రశ్నకు మన భాష ఎన్నడో ఒక సమాధానము చెప్పియున్నది. క్రీస్తుశకము 78లో మొదలగు కాలగణనకు మనవారు శాలివాహనశకమని పేరు పెట్టిరి. శాలివాహనులు శకులతో పోరాడినవారు. ఆ రెండు పేర్లును పంచాంగపు మొదటి పుటలో ప్రక్కప్రక్కన కూర్చున్నవి. మేఘనాద సాహా అధ్యక్షుడుగా నున్న సంఘము సిఫారసుపై 1957 మార్చి 22 నుండి భారతప్రభుత్వము తన జాతీయపంచాంగమునకు శకగణననే స్వీకరించినది. అంతకంటె ముఖ్యమైనది మఱియొకటి. తెలుగువాడు కాలమునకు వాడు మాటయే ‘శకము’. క్రీస్తు పేరిటి యుగమును అతడు క్రీస్తుశకమనును. కొత్త కాలము వచ్చినచో నూతనశకమనును. ఆ మాట పలుకునపుడు ఎవరికిని గడ్డిమైదానపు రౌతు జ్ఞప్తికి రాడు. శకులకు వారసులమని చెప్పుకొను ఏ కులమునకును, ఏ దేశమునకును వారు ప్రత్యేకముగా ఇచ్చిపోయిన ఆస్తి యేదియు కనబడదు. వారి పేరు మాత్రము ఏ రక్తపరీక్షయు లేకుండ మనయందఱి నోట మిగిలినది. శకులు ఎవరి పూర్వులు అని అడుగువారికి ఇదియే నా జవాబు: ఒక్కరికే పూర్వులు కారు, ఎవరికిని పరాయివారును కారు.